పెట్టె మీద రాసిన టైము

అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్ల ఇంట్లో ఓవెన్ తలుపు తీస్తే ఏం కనిపిస్తుంది? మూకుడు కనిపిస్తుంది. అట్ల పెనం, ఇడ్లీ స్టాండు, మూత పోగొట్టుకున్న కుక్కరు కనిపిస్తాయి. ఎవరింట్లోనైనా అది గిన్నెలు దాచుకునే అలమారే. ఎప్పుడన్నా మరిచిపోయి నాబ్ తిప్పితే లోపలున్న ప్లాస్టిక్ డబ్బా కరిగి, ఇల్లంతా కంపు కొట్టి, అలారం మోగి, ఫైరింజను గుమ్మంలోకి రావడమూ ఉంది. అలాంటి చోట, రెండువేల మూడులోనో నాలుగులోనో, గిన్నెలన్నీ బయటికి లాగేసి ఓవెన్‌ని ఓవెన్‌లాగా వాడిన మొదటి మనిషి చాముండేశ్వరి.

తెనాలి మనిషి. భర్త రామమోహన్ మందుల కంపెనీలో కెమిస్టు. ఒక్కతే కూతురు చరిత, అప్పటికింకా కాలేజీలో చదువుతోంది. చాముండేశ్వరి ఎవరింటికి వెళ్లినా చెప్పులు విడిచేలోపే వాళ్ల పొయ్యి మీద ఏముందో, పోపులో ఏం తక్కువైందో చెప్పేసేది. కొత్త కోడళ్లందరూ తనని 'అక్కా' అనే పిలవాలి. యాభై దగ్గరపడుతున్నా సరే, అక్కే. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆవిడ ముఖం చూస్తే తెలిసిపోయేది.

ఆ అపార్ట్‌మెంట్లలో సగం ఇళ్లు గుడ్డు ముట్టవు. పిల్లల పుట్టినరోజంటే మాత్రం కేకు ఉండి తీరాలి. అంగట్లో కేకు తెస్తే అందులో గుడ్డుంటుంది, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. తేకపోతే పిల్లలు ఊరుకోరు. ఆ సందులోంచి లోపలికి దూరింది చాముండేశ్వరి.

దూరడం తేలికేం కాలేదు. కేకు పిండి పెట్టె తెచ్చి, గుడ్లు మానేసి పెరుగు వేసి, పెట్టె మీద రాసిన వేడికి, పెట్టె మీద రాసినంతసేపు పెట్టింది. పైన బంగారం, లోపల జావ. రామమోహన్ చెంచాతో తిన్నాడు. ఇంకోసారి అరటిపండు మెత్తగా చిదిమి వేస్తే పైన నల్లబడింది. అదీ తిన్నాడు. డబ్బాలో దొరికే చిక్కటి తియ్యపాలు వేస్తే అడుగంటింది. గీకి పెడితే ఆ గీకుడూ తిన్నాడు. పాపం, ఆయన ఏం పెట్టినా తినే మనిషి. అలా ఆయన కడుపు మీదుగా ఆవిడకి తెలిసివచ్చిందేమిటంటే, గుడ్డు తీసేశాక అది ఆ పిండి కాదు, వేరే పిండి. పెరుగు పోసిన పిండి తడి పిండి. దానికి మంట కాస్త తగ్గించి, పెట్టె చెప్పినదానికంటే సగంపాలు ఎక్కువసేపు ఉంచాలి. తియ్యపాలూ అరటిపండూ తొందరపడి రంగెక్కుతాయి, వాటికి మధ్యలో పైన అల్యూమినియం రేకు కప్పాలి. తలుపు మాటిమాటికీ తీసి చూడకూడదు, అదేం పప్పు గిన్నె మూత కాదు. పుల్ల గుచ్చి చూసేటప్పుడు అంచున కాదు, నట్టనడుమ గుచ్చాలి.

అంతే విద్య. ఒక్క ఊపిరిలో చెప్పేయొచ్చు. చాముండేశ్వరి ఎవరికీ చెప్పలేదు.

చెప్పలేదంటే బొత్తిగా చెప్పలేదని కాదు. అడిగినవాళ్లకి అన్నీ చెప్పేది. పెరుగెంత, సోడా ఎంత, నూనె ఎంత, అన్నీ. "మరి టైమక్కా?" అంటే మాత్రం, "పెట్టె మీద రాసుంటుందిగా, చదువుకున్నదానివి, చూసుకో" అని నవ్వేది. పాపం వాళ్లు ఇంటికెళ్లి పెట్టె మీద చూసుకునేవాళ్లు. నడుమ గుంట పడేది. లోపల పచ్చిపిండి సాగేది. చాముండేశ్వరి వచ్చి, చూపుడువేలితో ఆ గుంటలో ఒక్క పొడుపు పొడిచి, "ఫర్వాలేదులేమ్మా, మొదటిసారి ఎవరికైనా ఇంతే. కేకంటే చేతిని బట్టి వస్తుంది" అనేది.

చేతిని బట్టి! ఆ మాట ఊరంతా పాకింది. చాముండక్క చేతిలో ఏదో ఉందన్నారు. ఆవిడ డబ్బు పుచ్చుకునేది కాదు. పుచ్చుకునేదల్లా ఒక్కటే. కేకు కోసేటప్పుడు పిల్లాడి చెయ్యి మీద తన చెయ్యి ఉండాలి. ఫోటోలో తల్లి ఒక పక్క, తను ఒక పక్క. ఆ ఏళ్లలో ఆ అపార్ట్‌మెంట్లలో పెరిగిన పిల్లల పుట్టినరోజు ఫోటోలు తీసి చూడండి. తాతలు లేని ఫోటోలుంటాయి, తండ్రి ఆఫీసు ఆన్‌కాల్ డ్యూటీలో ఉండి రాలేని ఫోటోలుంటాయి. చాముండేశ్వరి లేని ఫోటో ఉండదు.

శశికళ వచ్చింది రెండువేల అయిదులో. వరంగల్ పిల్ల. భర్త గోపాల్ కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏడాది తిరక్కుండా పాప పుట్టింది. వేద అని పేరు పెట్టుకున్నారు. శశికళ బక్కపల్చటి మనిషి, మాట మెల్లగా ఉంటుంది, కానీ తగులుకుందంటే వదలదు. తెలియని విషయం ఉంటే గోడకి కొట్టిన పిడకలా అక్కడే అంటుకుని ఉండిపోతుంది.

శ్రావణ శుక్రవారం క్లబ్‌హౌస్‌లో పదిమంది ఆడవాళ్లు కలిశారు. వేద మొదటి పుట్టినరోజు మాట వచ్చింది. చాముండేశ్వరి వాయనం శనగలు నములుతూ, "ఏం ఫ్లేవర్ చేయమంటావ్ పిల్లా? పైనాపిల్ చేయనా?" అంది. అడగడం కాదు, ఆజ్ఞ.

శశికళ వినయంగానే అంది. "వద్దాంటీ, నేనే చేసుకుంట. నా బిడ్డ మొదటి కేకు గదా, నా చేతితోటి చేద్దామని ఉంది. మీరు ఎట్ల చేయాల్నో జెప్పుండ్రి, చాలు."

శనగలు నమిలే నోరు ఆగిపోయింది. ఒకటి, వద్దంది. రెండు, ఆంటీ అంది. అదీ పదిమందిలో. పక్కన ఎవరో కిసుక్కుమన్నారు కూడా.

"ఆంటీనా? నేనా?" అంది చాముండేశ్వరి నవ్వుతూనే. "సరేలే. పిల్లలకి ఆంటీని, పిల్లల తల్లులకీ ఆంటీని. రేపు మీ అత్తగారికి కూడా ఆంటీనవుతానేమో!"

అందరూ నవ్వారు. శశికళ చెవులు ఎర్రబడ్డాయి. అయినా వదలలేదు. పెరుగెంత అంది, సోడా ఎంత అంది, పుల్లపెరుగా కమ్మపెరుగా అంది. చాముండేశ్వరి అన్నీ చెప్పింది. ఇంకెవరికీ చెప్పనంత ఓపికగా చెప్పింది. చివరికి శశికళ, "మరి ఎంతసేపు పెట్టాలాంటీ?" అనడిగింది.

"పెట్టె మీద రాసుంటుందమ్మా."

"గుడ్లు తీసేసినంక కూడ అదే టైమా?"

ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. ఒక్కరూ అడగలేదు. చాముండేశ్వరికి లోపల ఎక్కడో చురుక్కుమంది. ఆ పిల్లని పైనుంచి కిందికి ఒకసారి చూసి, మెత్తగా అంది. "అదే టైము తల్లీ. సేమ్ టైము."

అంతవరకూ దాచిందే కానీ అబద్ధం ఆడలేదు. ఆ రోజు ఆడింది. ఇంటికెళ్లి కమ్మగా అన్నం తింది.

పుట్టినరోజు నాటికి శశికళ అత్తగారు రాజేశ్వరమ్మ వరంగల్ నుంచి వచ్చింది. గుడ్డు గడప తొక్కని ఇల్లు వాళ్లది. ఆవిడ నోరు కూడా ఆవిడలాగే మడి కట్టుకునే ఉంటుంది, కానీ విప్పితే మాత్రం కారమే. అమెరికా కోడలు కేకు తనే చేస్తానంటే, "చూద్దాం, ఏం జేస్తవో" అంది. శశికళకి ఆ 'చూద్దాం' అన్న మాటే గుండెల్లో కూర్చుంది. పెళ్లైన దగ్గర్నుంచీ ఆవిడ ముందు ఒక్క పని సరిగ్గా చేశాననిపించుకోలేదు పాపం.

క్లబ్‌హౌస్‌లో బుడగలు కట్టారు. కేకు తెచ్చి బల్ల మీద పెట్టారు. గులాబి రంగు క్రీము, అంచున పువ్వులు. చూడముచ్చటగానే ఉంది. చాముండేశ్వరి ఒక్క చూపులో కనిపెట్టింది, నడుమ క్రీము మందంగా ఉందని. గుంట పూడ్చింది పిల్ల. పుల్ల అంచున గుచ్చి, పొడిగా వచ్చిందని మురిసి ఉంటుంది.

కొవ్వొత్తి గుచ్చితే అది నిలబడలేదు. మెల్లగా, అందరూ చూస్తుండగా, ఒక పక్కకి ఒరిగి పిండిలోకి దిగిపోయింది. గోపాల్ "హ హ, ఏం కాదు, కోసేద్దాం" అన్నాడు. కత్తి పెట్టారు. కత్తికి పచ్చిపిండి తీగలు సాగుతూ వచ్చింది.

రాజేశ్వరమ్మ ముందుకి వంగి చూసింది.

"ఇదేందే? ఇడ్లీ పిండి తెచ్చి పెట్టినవా పిల్ల ముంగట? ఉడకవెట్టుడు కూడ రాకపాయెనా నీకు? మా పరువంత గంగల కలిపినవ్."

శశికళ చేతిలో కత్తి అలాగే ఉంది. పాపకి ఏం తెలుసు, గులాబి క్రీములో చెయ్యి పెట్టి చప్పట్లు కొడుతోంది.

అప్పుడు లేచింది చాముండేశ్వరి. "అయ్యో అయ్యో, ఏమీ కంగారు పడకండి వదినగారూ! పిల్లకేం తెలుసు. నా కార్లో ఒకటుంది. ఏమండీ, కాస్త ట్రంక్‌లోంచి ఆ డబ్బా పట్రండి."

రామమోహన్ వెళ్లి తెచ్చాడు. మూత తీశారు. పైనాపిల్ కేకు, నున్నగా, గుండ్రంగా, వేలు పెడితే తిరిగి పైకి లేచేంత మెత్తగా. అందరూ చప్పట్లు కొట్టారు. రాజేశ్వరమ్మ "గీమె సల్లగుండ" అంది. వేద చెయ్యి మీద చాముండేశ్వరి చెయ్యి. ఫోటో తీశారు. శశికళ ఆ ఫోటోలో ఉంది, కానీ సగమే. మిగతా సగం చాముండేశ్వరి భుజం వెనక ఉండిపోయింది.

అందరూ తిన్నారు. బాగుందన్నారు. శశికళ ఒక్కతే తినలేదు. ఆ కేకునే చూస్తూ నిలబడింది. ముక్కలు కోయగా మిగిలిన పక్కన క్రీముతో అందంగా రాసిన 'వేద' అన్న అక్షరాలింకా ఉన్నాయి. ఆ పిల్ల చాముండేశ్వరి దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"పేరు గూడ రాసుకొచ్చిన్రా ఆంటీ?"

చాముండేశ్వరి జవాబు అక్కర్లేదనుకుంది. "తినమ్మా, తిను. బుగ్గలు లాగేశాయి" అని ఆ పిల్ల నోట్లో ఒక ముక్క పెట్టబోయింది. శశికళ నోరు తెరవలేదు. క్రీము పెదవులకి అంటుకుంది. అంతే.

ఆ చలికాలమంతా శశికళ ఇంటి అలారం మోగుతూనే ఉంది. కింద వాటా తెల్లావిడ మేనేజరుకి ఫిర్యాదు చేసింది. అడిగితే శశికళ "నేర్చుకుంటున్న" అంది. పెరుగు వేసి చేసింది, యాపిల్ గుజ్జు వేసి చేసింది, అవిసె గింజల పొడి నీళ్లలో నానబెట్టి వేసి చేసింది. వేడి మార్చి ఒకటి, సేపు మార్చి ఒకటి. చాముండేశ్వరికి ఈ కబుర్లన్నీ చేరుతూనే ఉన్నాయి. "పిండి పారబోయడానికి పుట్టింది" అని నవ్వుకుంది. చెత్తడబ్బా దగ్గర ఎదురైతే శశికళ చేతిలో సంచీ బరువు చూసి, "ఇవాళెన్నోది?" అని అడిగేది కూడా. శశికళ చెప్పేది కాదు. తలొంచుకుని సంచీ పడేసి వెళ్లిపోయేది.

వసంతం వచ్చేసరికి ఆ పిల్లకి పట్టు దొరికింది. దొరికాక ఏం చేసిందో తెలుసా? చాముండేశ్వరి కలలో కూడా అనుకోని పని చేసింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేసింది. పెరుగైతే ఇంత వేడి, ఇంతసేపు. అరటిపండైతే ఇంత, రేకు ఎప్పుడు కప్పాలి, పుల్ల ఎక్కడ గుచ్చాలి, అన్నీ. లాండ్రీ రూములో చెప్పింది, స్కూలు బస్సు దగ్గర చెప్పింది. "గుడ్లు తీస్తే పెట్టె మీద టైము లెక్కకు రాదక్కా, అది గుడ్లకు రాసిన టైము" అని నవ్వుతూ చెప్పింది. చాముండేశ్వరి పేరు మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

ఏడాదిలో ప్రతి ఇంట్లోనూ ఓవెన్‌లోంచి గిన్నెలు బయటికొచ్చాయి. ఇంటింటా కేకు. చేతిని బట్టి వచ్చేదేమీ లేదని అందరికీ తెలిసిపోయింది. ఆ తెలిసిన రోజున పాత గుంటలన్నీ ఒక్కొక్కరికీ గుర్తొచ్చాయి, వాటిలో వేలు పెట్టి పొడిచిన మనిషీ గుర్తొచ్చింది. ఎవరూ పోట్లాడలేదు. పిలుపులు మాత్రం మారాయి. "తప్పకుండా రండి ఆంటీ. మీరేం తేవద్దు ఆంటీ, ఉత్త చేతులతో రండి." అందరి నోటా ఆంటీయే. ఆవిడ ఉత్త చేతులతో వెళ్లేది. వెనక వరసలో కుర్చీ ఇచ్చేవాళ్లు. ఫోటోలకి ఎవరో ఒకరు "కాస్త పక్కకి జరగండి ఆంటీ" అనేవాళ్లు.

ఇంట్లో చేసిన కేకులు ఇంట్లోనే మిగిలిపోయేవి. రామమోహన్ తిన్నాడు. తిని తిని ఆయనకి షుగరు వచ్చింది.

రోజులు గడిచాయి. చరితకి పెళ్లైంది. అరగంట దూరంలో ఇల్లు కొనుక్కుంది. కొడుకు పుట్టాడు, నీల్. చాముండేశ్వరికి మళ్లీ ఊపిరొచ్చింది. లోకం సంగతెలా ఉన్నా మనవడి కేకు తనది. నాలుగేళ్లూ తనే చేసింది. నాలుగు ఫోటోల్లోనూ బుల్లి చెయ్యి మీద తన చెయ్యి ఉంది. అయిదో ఏట, రెండువేల పద్నాలుగులో, పిల్లాడికి మాటిమాటికీ కడుపునొప్పి వస్తోందని డాక్టరుకి చూపిస్తే గోధుమ పడదన్నాడు, పంచదార కూడా మానమన్నాడు.

చరిత ఫోన్ చేసింది. "అమ్మా, ఈసారి నువ్ స్ట్రెస్ తీసుకోకు. నో వీట్, నో షుగర్, నో ఎగ్. నీకు కష్టం. శశికళని అడుగుతాను, షీ నోస్ ఆల్ దట్ స్టఫ్."

చాముండేశ్వరి చేతిలో ఫోన్ వేడెక్కింది. "నా మనవడి కేకు ఆ పిల్ల చేయడమేంటే? నేను చచ్చానా?"

"అమ్మా, డ్రామా చేయకు. లాస్ట్ ఇయర్‌దే కొంచెం డ్రైగా ఉంది, నేనేం అన్లేదు. వాడు తినలేకపోతే ఏడుస్తాడు. ఫ్రెండ్సంతా వస్తారు."

"నేనే చేస్తాను."

"ఓకే, ఫైన్. కానీ ఇదే లాస్ట్ చాన్స్. పాడైతే నెక్స్ట్ ఇయర్ నుంచి బయటే ఆర్డర్ చేసేస్తా."

అన్నదంటే చేస్తుంది చరిత. పట్టుదలలో తల్లి కూతురే. గోధుమపిండి బదులు బాదం పిండి, పంచదార బదులు తేనె. చాముండేశ్వరికి రెంటిలో ఒక్కదాని నడకా తెలియదు. మళ్లీ మొదట్నుంచీ పాడుచేసుకుంటూ నేర్చుకుందామంటే పాడైనవి తినడానికి రామమోహన్‌కి షుగరు. పైగా పుట్టినరోజు ముంచుకొచ్చింది. మూడుసార్లు కారెక్కి మూడుసార్లు దిగింది. నాలుగోసారి శశికళ ఇంటికి వెళ్లింది.

తలుపు తీసింది రాజేశ్వరమ్మ. మనవరాలి కోసం ఆ వేసవికి వచ్చి ఉంది. జుట్టు తెల్లబడింది, నోరు మాత్రం అలాగే ఉంది.

"ఓహో, కేకులామె! ఏమమ్మా, ఈసారి కూడ కార్ల పెట్టుకొని వచ్చినవా?"

కాబట్టి ఆవిడకీ తెలుసు. చాముండేశ్వరి నవ్వబోయింది, నవ్వు రాలేదు. లోపల్నుంచి శశికళ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రండి ఆంటీ. కూర్చోండి. టీ తాగుతరా?" ఎనిమిదేళ్ల వేద మెట్ల మీద కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

అడగాల్సింది అడిగింది చాముండేశ్వరి. ఎలా అడిగిందో ఆవిడకే తెలియదు.

శశికళ మెల్లగా, స్పష్టంగా చెప్పింది. "తేనె తొందరగ నల్లబడతది ఆంటీ. బాదం పిండి గూడ అంతే, నూనె ఎక్కువ గదా. అందుకని వేడి ఇరవై అయిదు డిగ్రీలు తగ్గించుండ్రి. తగ్గించినంక ఎక్కువసేపు ఉంచాలె. పైన జర రంగు రాంగనే రేకు కప్పుండ్రి. చల్లారేదాకా పళ్లెంలకెల్లి తియ్యొద్దు, విరిగిపోతది. ఏదీ, మీరు ఒకసారి చెప్పుండ్రి, మరిచిపోయిన్రేమో."

చిన్నపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు చాముండేశ్వరి అప్పజెప్పింది. రాజేశ్వరమ్మ పక్క సోఫాలో కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తూ, "మంచిగ చెప్పినవ్. బుద్ధిమంతురాలివే" అంది.

ఇంటికి వచ్చేదాకా చాముండేశ్వరి మనసు మనసులో లేదు. వేడి తగ్గించమంది. పెరుగు పిండికి తనూ తగ్గించేదే, కానీ ఇది వేరే పిండి. వేడి తగ్గిస్తే ఏమవుతుంది? లోపల ఉడకదు. లోపల ఉడక్కపోతే? గుంట పడుతుంది, కొవ్వొత్తి ఒరుగుతుంది, కత్తికి పిండి సాగుతుంది. అందరి ముందూ. మనవడి ముందు. అంతా ఆవిడకి కళ్లముందు ఆడింది, ఎందుకంటే ఒకసారి చూసిందే కదా, తన చేతి బొమ్మే కదా అది.

"ఎంత తియ్యగా చెప్పిందో చూశారా?" అంది రామమోహన్‌తో.

"ఆ అమ్మాయి చెప్పినట్టే చేయి. తేనెకి వేడెక్కువైతే నల్లబడుతుందన్నది నిజమే" అన్నాడు ఆయన. కెమిస్టు కదా, ఆ మాత్రం తెలుసు.

"మీ మొహం. మనుషుల సంగతి మీకేం తెలుసు? ఆ పిల్ల స్థానంలో నేనే ఉంటే నిజం చెబుతానా?"

రామమోహన్ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున్నే బాదం పిండి కలిపింది. తేనె పోసింది. వేడి తగ్గించలేదు. తగ్గించకపోవడమే కాదు, పచ్చి మిగలకూడదని ఇంకో మెట్టు పెంచింది. రేకు కప్పలేదు. అది కప్పితే ఆవిరి పట్టి లోపల తడైపోతుందని ఆ పిల్ల ఎత్తు, అనుకుంది. మనసాగక తలుపు తీసి చూసింది. మళ్లీ తీసింది. కాసేపటికే పైన ఎర్రబడింది. పుల్ల నట్టనడుమ గుచ్చితే తడి. ఇంకాసేపు ఉంచింది. ఎరుపు కాస్తా నలుపైంది. గుచ్చితే ఇంకా తడి. బయటికి తీస్తే అట్టు మాడిన వాసన. ఓర్పు లేక వేడి మీదే పళ్లెంలోంచి తిరగేసింది. ఒక పక్క విరిగింది.

ఇంకోటి చేసే వ్యవధి లేదు, చేసేందుకు బాదం పిండీ లేదు. కత్తి తీసుకుని నలుపంతా గీకింది. విరిగిన పక్కని క్రీముతో అతికించింది. నడుమ గుంటలో మందంగా క్రీము పోసింది. పోస్తూ పోస్తూ చెయ్యి ఒక్కసారి ఆగింది. గులాబి రంగు క్రీము కేకొకటి గుర్తొచ్చింది. మళ్లీ పోసింది.

కారులో వెళుతుంటే, చెప్పుకోవడానికి సిగ్గే కానీ, ఆవిడకి ఒక ఆశ పుట్టింది. శశికళ తెస్తుంది. తన కారులో ఇంకో కేకు పెట్టుకొస్తుంది. నీల్ పేరు రాసి మరీ తెస్తుంది. అందరిముందూ తీసి పెట్టి కసి తీర్చుకుంటుంది. తీర్చుకోనీ. తల వంచేద్దాం. కనీసం పిల్లాడి నోటికి కేకు దొరుకుతుంది. దారి పొడుగునా ఆ అవమానాన్నే దేవుడికి మొక్కినట్టు మొక్కుకుంది.

చరిత ఇంటి నిండా పిల్లలు. శశికళ, వేద చెయ్యి పట్టుకుని వచ్చింది. రెండో చేతిలో రంగు కాగితం చుట్టిన బొమ్మ పెట్టె ఒకటే ఉంది. కేకు కారులో ఉంచి ఉంటుందిలే అనుకుంది చాముండేశ్వరి. నేనూ కారులోనే ఉంచానుగా.

కేకు కోశారు. కత్తి మొదట కరకరమంది, తర్వాత జారింది. నీల్ పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుంది. అరచేతిలో ఉమ్మేశాడు.

"ఇట్స్ బర్న్ట్! అండ్ ఇట్స్ గూయీ! యక్, అమ్మమ్మా!"

పిల్లలందరూ "యక్, యక్" అని పాట ఎత్తుకున్నారు. నీల్ ఏడుపు మొదలెట్టాడు. చరిత తల్లి వంక తిరగను కూడా తిరగలేదు. పళ్లెం తీసి సింకు పక్కన పెట్టి, "ఇట్స్ ఓకే గైస్, వన్ మినిట్" అంది నవ్వు తెచ్చుకుని. తల్లి పక్కనుంచి వెళుతూ, పళ్ల బిగువున ఒక్క మాటంది. "చెప్పాను కదా."

చాముండేశ్వరి శశికళ కోసం చూసింది. శశికళ మూల నిలబడి ఉంది, కదలడం లేదు. ఆవిడే వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"ఇంకా చూస్తావేంటమ్మా? తీసుకురా."

"ఏందాంటీ?"

"కేకు. కార్లో ఉందిగా. తీసుకురా తల్లీ, పిల్లాడు ఏడుస్తున్నాడు. నన్నేమన్నా అనుకో, అందరిముందూ అను. ముందు పట్రా."

శశికళ ఆవిడ ముఖంలోకి చూసింది. తాళం తీసుకుని బయటికి నడిచింది. చాముండేశ్వరి వెనకాలే పరుగులాంటి నడకతో వెళ్లింది. ట్రంక్ పైకి లేచింది.

లోపల మంచు గీకే బ్రష్షు ఉంది. వేద సాకర్ బంతి ఉంది. మడిచిన దుప్పటి ఒకటుంది. చాముండేశ్వరి దుప్పటి ఎత్తి చూసింది. బంతిని పక్కకి దొర్లించింది. వంగి మూలల్లోకి చెయ్యి పెట్టి తడిమింది.

"లేదా?" అంది.

"మీకు అంత మంచిగ చెప్పినంక నేనెందుకు తెస్త ఆంటీ?" అంది శశికళ. "నేను చెప్పినట్టు చేస్తే మంచిగనే వస్తది గదా. అది మీ మనవడి కేకు. దాని మీద నా చెయ్యి ఎందుకు?"

లోపల చరిత పుచ్చకాయ ముక్క మీద కొవ్వొత్తి గుచ్చినట్టుంది. పిల్లల గొంతులు ఒక్కసారిగా లేచాయి. పుట్టినరోజు పాట కిటికీలోంచి డ్రైవ్‌వే మీదికి వచ్చింది. నీల్ ఏడుపు ఆగిపోయింది. చప్పట్లు. ఎవరో ఫోటో తీస్తున్నట్టు, "అందరూ దగ్గరికి రండి, ఇంకా దగ్గరికి" అన్నారు.

చాముండేశ్వరి ఒక చెయ్యి ట్రంక్ అంచు మీద వేసి అలాగే నిలబడి ఉంది. ఆ ఖాళీలోకే చూస్తోంది.

శశికళ పైన మూత పట్టుకుంది.

"చెయ్యి తియ్యుండ్రి ఆంటీ," అంది. "మూస్తున్న."